చుకందర్ ఆకు ఎక్కడికి పోయింది?

మొన్న జుమేరాత్ నాడు అసర్ నమాజ్ అయ్యాక కమలాపురం బజారులో కూరగాయల బండి దగ్గర నిలబడ్డాను. మా ఆపా కూతురికి పదిహేనేళ్లు. నెల రోజులుగా మెట్లెక్కితే ఆయాసం, మొహం పాలిపోవడం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 అని వచ్చింది. ఆ కాగితం ఇంటికొచ్చిన అరగంటలో అమ్మీ హుకుం జారీ అయిపోయింది: "చుకందర్ లేకే ఆ బేటా, ఖూన్ బఢ్తా." చుకందర్ తింటే రక్తం పెరుగుతుందని.

మామూలుగా మన బజారుకు బీట్‌రూట్ ఆకు తీసేసి సంచుల్లో వస్తుంది. ఆ రోజు ఎవరి తోటలోదో మరి, పచ్చటి ఆకులు, ఎర్రటి కాడలతో కట్టలు కట్టలుగా దిగింది. కిలో అడిగాను. బండి భాయ్ ఒక్కో గడ్డా పట్టుకుని కోడి మెడ తిప్పినట్టు ఆకు మెలిపెట్టి తుంచి కింద గంపలో పడేశాడు.

"ఆకు గూడా ఇయ్యి భాయ్" అంటే నవ్వాడు.

"ఆకేం జేసుకుంటావన్నా? అది మేకలకు పోతాది."

నాకేమీ తోచక గడ్డలు మాత్రం పట్టుకుని ఇంటికొచ్చాను. ఇంట్లో అసలు తమాషా మొదలైంది. అమ్మీకి ఈమధ్య చేతివేళ్ల నొప్పులు, కాబట్టి తోలు తీసే పని నాకు పడింది. బంగాళాదుంప తీసినట్టే కత్తితో తీశాను. పచ్చి చుకందర్ రాయిలాగా గట్టిగా ఉంది, కత్తి జారుతోంది. తోలుతో పాటు మందంగా కండ కూడా పోయింది. చేతులు, బనియను, బావర్చీఖానా గట్టు అంతా ఎరుపే. కిలో గడ్డల్లో ముప్పావు కిలో మిగిలిందో లేదో. అమ్మీ చూసి, "తేరీ నానీ రహతీ తో క్యా బోల్తీ" అంది. మా నానీ ఉండి ఉంటే ఏమనేదో నాకు బాగా తెలుసు. నానీ జన్మలో ఎప్పుడూ పచ్చి చుకందర్‌కు కత్తి తగలనివ్వలేదు.

నాకు తారీఖ్ పిచ్చి ఉంది కదా. ఆ రాత్రి చేతుల ఎరుపు పోగొట్టుకోవడానికి నిమ్మచెక్క, ఉప్పు రుద్దుకుంటూ ఈ గడ్డ ఖిస్సా ఏమిటని కితాబులు తిరగేశాను.

మొదట పేరు సంగతి చూడండి. తెలుగులో దీనికి ఇంటి పేరు లేదు. ముల్లంగి ఉంది, చిలగడదుంప ఉంది, కంద ఉంది, చేమ ఉంది. దీన్ని మాత్రం అందరూ బీట్‌రూట్ అనే అంటారు. పక్కనున్న తమిళులు, కన్నడిగులు కూడా అంతే. మన దక్కనీ ఇళ్లలో మాత్రం చుకందర్ అనే మాట ఇంకా బతికుంది, అదీ అమ్మీల తరం వరకే. మా మేనకోడలు బీట్‌రూట్ అనే అంటుంది. చుకందర్ ఫార్సీ మాట. ఇరాన్‌లో చుగుందర్ అంటారు. ఆ మాటే అరబ్బు దేశాలకు వెళ్లి షమందర్ అయింది. అదే ఈజిప్టులో తుర్కీ మాట నుంచి బంజర్ అంటారు. అరబ్బుల పాత మాట ఇవేవీ కావు. వాళ్ల పాత మాట సిల్ఖ్. యూదుల హీబ్రూలో సెలెక్ అన్నా ఇదే కుటుంబం. వాళ్లు కొత్త సంవత్సరం పండగ దస్తర్‌ఖాన్ మీద దీన్ని శుభానికి పెట్టుకుంటారు.

ఈ సిల్ఖ్ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి.

సహీహ్ బుఖారీలో జుమా అధ్యాయంలో హజ్రత్ సహ్ల్ బిన్ సాద్ (రజి) చెప్పిన ఒక సంగతి ఉంది. మదీనాలో ఒక స్త్రీ ఉండేది. మరో రివాయత్‌లో ఆమెను ముసలమ్మ అన్నారు. తన చేనులో నీటి కాలువల గట్ల వెంట సిల్ఖ్ వేసేది. జుమా రోజు ఆ మొక్కల వేళ్లు పీకి, కుండలో వేసి, పిడికెడు యవల పిండి కలిపి వండేది. ఆ వంటలో మాంసం ఉండదు, ఆ వేళ్లే మాంసం ముక్కల స్థానంలో ఉండేవి. జుమా నమాజ్ అయ్యాక సహాబాలు ఆమె ఇంటికి వెళ్లి సలాం చేసేవాళ్లు, ఆమె ఆ కుండ వాళ్ల ముందు పెట్టేది. ఆ తిండి కోసమే మేము జుమా ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేవాళ్లం అంటారు సహ్ల్. ఉర్దూ తర్జుమాల్లో ఇక్కడ చుకందర్ అని రాస్తారు. నేను చిన్నప్పుడు మక్తబ్‌లో ఈ ఖిస్సా విన్నప్పుడు ఎర్రటి చారు నిండిన కుండ కళ్లముందు కనిపించింది.

హకీకత్ ఏమిటంటే, ఆ కుండ ఎర్రగా ఉండి ఉండదు. మనం కొనే గుండ్రటి ఎర్ర గడ్డ ఆ జమానాలో అరబ్బుల దగ్గర ఉన్న మొక్క కాదు. ఈ మొక్క పూర్వీకురాలు మధ్యధరా సముద్రం ఒడ్డున, ఐరోపా పశ్చిమ తీరాన ఉప్పుగాలికి పెరిగే అడవి ఆకుకూర. వేల ఏళ్లు జనం దాని ఆకు కోసమే పెంచారు. వేరు సన్నగా, పొడుగ్గా, ఎక్కువగా తెల్లగానో లేత రంగులోనో ఉండేది. దాన్ని మందుగా వాడేవాళ్లు, పేదవాళ్లు వండుకునేవాళ్లు. గుండ్రంగా, ఎర్రగా, తియ్యగా ఊరిన గడ్డ ఐరోపా తోటల్లో 16వ శతాబ్దం నుంచే మెల్లగా మామూలైంది. కాబట్టి మదీనా ముసలమ్మ సిల్ఖ్ అంటే మనం పాలకూరకు దగ్గరి చుట్టంగా ఊహించుకోవాలి. నిజానికి అది చుట్టమే, పాలకూర, బీట్‌రూట్ ఒకే ఖాందాన్. ఆమె ఆకు కోసం పెంచుకునే మొక్క వేరును కూడా పారేయకుండా వండిపెట్టింది. మనమేమో వేరు కొని ఆకు మేకలకు వేస్తున్నాం.

ఇంకో హదీసు ఉంది, తిర్మిజీలోనూ అబూ దావూద్‌లోనూ. దైవప్రవక్త ముహమ్మద్ (స), హజ్రత్ అలీ (రజి) ఇద్దరూ ఉమ్మె ముంజిర్ అనే ఆమె ఇంటికి వెళ్లారు. అలీ అప్పుడే జబ్బు నుంచి లేచారు. ఇంట్లో ఖర్జూర గెలలు వేలాడుతున్నాయి. అలీ తినబోతే ప్రవక్త ఆపారు, నువ్వింకా నీరసంగా ఉన్నావని. ఉమ్మె ముంజిర్ సిల్ఖ్, యవలు కలిపి వండి తెస్తే, ఇది తిను, నీకు ఇదే మంచిదని అలీకి చెప్పారు. జబ్బు మనిషికి సిల్ఖ్ పెట్టడం అనే రివాజు అంత పాతది. తరవాత ఇబ్నె సీనా అల్ ఖానూన్‌లో మందుమొక్కల్లో సిల్ఖ్‌కు చోటిచ్చాడు. మన హకీములు ఆ దారినే వచ్చారు. అమ్మీ హుకుం వెనక ఇంత సిల్‌సిలా ఉంది. తేడా ఒక్కటే, మధ్యలో ఎక్కడో ఆకు జారిపోయి గడ్డ మిగిలింది.

గడ్డకు ఇంత ఇజ్జత్ రావడానికి పెద్ద సబబు చక్కెర. 1747లో బెర్లిన్‌లో మార్గ్‌గ్రాఫ్ అనే రసాయన పండితుడు ఈ గడ్డలో ఉన్న తీపి, చెరకు తీపి ఒకటేనని తేల్చాడు. ఆయన షాగిర్ద్ అహార్డ్ తెల్ల గడ్డల్లో తీపి ఎక్కువున్న వాటిని ఏరి పెంచి, ప్రష్యా రాజు సొమ్ముతో సైలీషియాలోని కూనెర్న్ అనే ఊళ్లో కార్ఖానా పెట్టాడు, 1802లో చక్కెర తీశాడు. అటు హైతీ చెరకు తోటల్లో గులాములు తిరగబడి 1804లో ఆజాద్ అయ్యారు, ఫ్రాన్సుకు చక్కెర కరువొచ్చింది. ఇటు నెపోలియన్ 1806లో ఇంగ్లండుతో వ్యాపారం బంద్ చేయడంతో సముద్రం మీద సరుకు ఆగిపోయింది. 1811లో ఆయన 32,000 హెక్టార్లలో బీట్ వేయమని ఫర్మానా ఇచ్చాడు. మరుసటేడాది జనవరిలో పారిస్ పక్కన దెలెస్సేర్ అనే ఆయన కార్ఖానాకు స్వయంగా వెళ్లి, తన కోటుకున్న పతకం తీసి ఆయనకు తగిలించాడని అంటారు.

ఈ కథ మన దేశం దాకా వచ్చింది. 1890ల్లో జర్మనీ, ఆస్ట్రియా సర్కార్లు తమ బీట్ చక్కెరకు ఇనాములిచ్చి చవగ్గా ఎగుమతి చేయించాయి. ఆ తెల్ల చక్కెర మన రేవుల్లో దిగి ఇక్కడి బెల్లం, ఖండసారీ వ్యాపారులను కుంగదీసింది. చివరికి 1899లో కర్జన్ జమానాలో ఆ చక్కెర మీద ప్రత్యేక సుంకం వేస్తూ చట్టం తేవాల్సి వచ్చింది. ఇవాళ్టికీ ప్రపంచంలో తినే చక్కెరలో ఐదో వంతు దాకా ఈ గడ్డదే. మన దగ్గర చెరకు ఉంది కాబట్టి మనకు దాని అవసరం పడలేదు, అంతే. (పక్కనే చెన్నూరులో మన చెరకు కార్ఖానా మూతబడి ఉంది. అది వేరే ఏడుపు, ఇంకోసారి.)

1800లో నిజాం మన కడప జిల్లాను కుంపిణీకి దత్తం చేశాడు. ఫార్సీ మాటలు అప్పటికే ఇక్కడి కచేరీల్లో, ఇళ్లలో ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ల తోట విత్తనాలు బెంగుళూరు, నీలగిరుల వైపు పాతుకున్నాయి. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ అన్నిటినీ మన పెద్దవాళ్లు చాలాకాలం 'ఇంగిలీసు కూరగాయలు' అనే అన్నారు. అలా ఫార్సీ పేరు, ఇంగ్లీషు గడ్డ మన బావర్చీఖానాలో కలుసుకున్నాయి.

ఇక తోలు సంగతి. ఇక్కడే నానీ గుర్తొస్తుంది.

నానీ చుకందర్ కడిగేటప్పుడు మట్టి పోయేదాకా చేత్తో రుద్దేది, గీకేది కాదు. కింద తోక లాంటి వేరు కోసేది కాదు. పైన కాడలు రెండు వేళ్ల పొడుగు ఉంచేది. "దుమ్ నక్కో కాట్" అని మమ్మల్ని అరిచేది, తోక కోయొద్దని. ఎందుకని అడిగితే ఖూన్ కారిపోతుందని చెప్పేది. ఆమె మాట అక్షరాలా నిజం. ఈ గడ్డ ఎరుపు బీటలెయిన్ అనే రంగు, నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. తోలు, తోక, కాడ తెగకుండా ఉంటే కణాల లోపలే బందీగా ఉంటుంది. ఒక్క చోట కోసినా ఉడికే నీళ్లలోకి కారిపోతుంది. రంగుతో పాటు నీళ్లలో కరిగే ఫోలేట్ అనే విటమిన్ కూడా పోతుంది. ఎదిగే ఆడపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు కావలసింది అదే. వంద గ్రాముల గడ్డలో దాదాపు 109 మైక్రోగ్రాములు ఉంటుంది, అది చిన్న సంగతి కాదు. నేను కత్తితో చెక్కి, ముక్కలు చేసి, ఉడకబెట్టి, నీళ్లు వార్చేసి ఉంటే మేనకోడలికి మిగిలేది ఎర్రటి పీచు.

నానీ పద్ధతి ఇది. ఒకే సైజు గడ్డలు ఏరాలి, లేకపోతే చిన్నది మెత్తబడిపోయే లోపు పెద్దది పచ్చిగానే ఉంటుంది. గిన్నెలో మునిగేలా నీళ్లు, ఒక చిన్న చింతపండు రెబ్బ. మన వైపు బోరు నీళ్లు సుద్దగా, చవుడుగా ఉంటాయి కదా, అలాంటి నీళ్లలో ఈ ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది. పులుపు తగిలితే నిలుస్తుంది. మధ్యరకం గడ్డ ముప్పావు గంట, కుక్కరైతే నాలుగు విజిల్స్. సూది గుచ్చితే దిగాలి. తరవాత వేడి నీళ్లు వంపి, ఆ నీళ్లు పారేయకుండా పక్కన పెట్టేది, అవి దాల్చాలోకో చారులోకో పోయేవి. గడ్డల మీద చల్లనీళ్లు పోసి, పట్టుకునేంత చల్లారాక పాత బట్టముక్కతో పట్టుకుని బొటనవేలితో ఒక్క తోపు తోసేది. తోలు మేజోడు ఊడినట్టు ఊడొచ్చేది, పల్చగా, కండ అంతా గడ్డకే వదిలేసి. ఉడికినప్పుడు తోలుకీ కండకీ మధ్య పట్టు సడలిపోతుంది. చల్లనీళ్లకు కండ కొంచెం ముడుచుకుని దారి ఇస్తుంది. ఆ తరవాతే తోక, తల కోసేది. చేతులకు ముందే కాస్త నూనె రాసుకునేది, మరక అంటేది కాదు.

చలికాలంలో ఇంకో పద్ధతి. రాత్రి వంట అయ్యాక చుల్హా బూడిదలో నిప్పులు ఇంకా ఎర్రగా ఉండగానే రెండు గడ్డలు పూడ్చేది. ఫజర్‌కు తీస్తే పైన బొగ్గులా నల్లగా, లోపల మైనంలా మెత్తగా ఉండేవి. బజ్జీకి కాల్చిన వంకాయలాగే తోలు చేతికొచ్చేది. నీళ్లు తగల్లేదు కాబట్టి ఆ తీపి మామూలుది కాదు. ఇరాన్‌లో చలికాలం వీధి బండ్ల మీద ఆవిర్లు కక్కుతూ లబూ అని అమ్ముతారు, అవీ తోలుతో వండిన చుకందర్ గడ్డలే. తెహ్రాన్ బండివాడికి, కమలాపురంలో మా నానీకి ఒకరి సంగతి ఒకరికి తెలీదు. చేతులకు మాత్రం ఒకే ఇల్మ్ తెలుసు. నెపోలియన్ ఫర్మానాల తారీఖులన్నీ రాసి ఉన్నాయి. తోక కోయొద్దని మొదట ఎవరు చెప్పారో ఏ కితాబులోనూ లేదు. మదీనా ముసలమ్మ పేరు కూడా ఆ రివాయత్‌లో లేదు.

పచ్చిగానే తురిమి కూర చేయాలనుకుంటే తోలు తీయక తప్పదు, అప్పుడు కత్తి వద్దు, పీలర్‌తో పల్చగా తీయండి. లేతగా, నిమ్మకాయంత ఉన్నవైతే బాగా కడిగితే చాలు. తోలు తినకూడనిదేమీ కాదు, కాకపోతే మట్టివాసన ఎక్కువ. తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసన తెచ్చే జియోస్మిన్ అనే పదార్థమే ఇందులోనూ ఉంది, తోలు దగ్గరే ఎక్కువ. నిమ్మరసం, చింతపండు దాన్ని తగ్గిస్తాయి. పిల్లలు ముక్కు మూసుకుంటే కారణం అదే.

ఇప్పుడు అసలు మాట, ఖూన్ సంగతి. అమ్మీ కోప్పడినా చెప్పాలి. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పెంచుతుందనే నమ్మకం మన ఊళ్లోనే కాదు, చాలా దేశాల్లో ఉంది. కానీ వంద గ్రాముల గడ్డలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, 0.8 దగ్గర. ఎదిగిన ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని మన దేశపు పోషకాహార సంస్థ లెక్క. అంటే గడ్డ మీదే ఆధారపడితే రోజుకు మూడున్నర కిలోలు తినాలి! ఆకు వేరే సంగతి. మనం మేకలకు వేసే ఆ ఆకులో అదే వంద గ్రాములకు ఇనుము రెండున్నర మిల్లీగ్రాములు, గడ్డకు మూడింతలు. ఆకు ఇనుము మొత్తం ఒంటికి పట్టదు, అందులోని ఆక్సలేట్ అడ్డుపడుతుంది, అందుకని నిమ్మకాయ పిండుకోవాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగి తినాలి. ఇంత తీసేసినా గడ్డ కంటే ఆకే నయం. ఉమ్మె ముంజిర్ కుండలో ఉన్నది మనం పారేస్తున్నదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. మన ఇళ్లలో ఎవరు లేరో వెతుక్కోవాలి. వాళ్లను చుకందర్ జ్యూస్ మీద వదిలేస్తే నెలలు గడిచిపోతాయి, పిల్ల ఆయాసం అలాగే ఉంటుంది. పైగా భోజనం అవ్వగానే చాయ్ తాగే అలవాటు మనకు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంటన్నా ఆగి తాగాలి.

మా మేనకోడలిని కూర్చోబెట్టి అడిగాను, స్కూల్లో వారానికోసారి నీలం రంగు మాత్ర ఇస్తారు కదా, వేసుకుంటున్నావా అని. తల దించుకుంది. బ్యాగు జేబు తిప్పితే మాత్రలు రాలాయి, అన్నీ మింగనివే. కడుపులో తిప్పుతుందట, నీలంగా ఉంటే భయమేస్తుందట. ఎర్ర గడ్డ మీద ఇంటిల్లిపాదికీ భరోసా, ఇనుమున్న మాత్ర నీలంగా ఉందని చెత్తబుట్టలోకి. డాక్టరు ఇప్పుడు రోజువారీ మాత్రలు రాసిచ్చారు, అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుందని చెప్పారు.

ఇంకో ముచ్చట. చుకందర్ తిన్న మర్నాడు పొద్దున అమ్మాయి గుసల్‌ఖానా నుంచి ఏడుస్తూ వచ్చింది, మూత్రం ఎర్రగా ఉందని. ఇంట్లో ఒకటే గోల. అది గడ్డ రంగే, రక్తం కాదు. నూటికి పది, పద్నాలుగు మందిలో ఇలా అవుతుంది. ఇనుము తక్కువున్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు రాశారు. చుకందర్ తినకుండా అలా కనిపిస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ఆదివారం మళ్లీ బజారుకెళ్లాను. బండి భాయ్ నన్ను చూడగానే ఆకు గంప వైపు చెయ్యి చూపించి, "మేక వచ్చింది" అని పక్కవాడితో అన్నాడు. నవ్వుకుని రెండు కట్టలు తీసుకున్నాను, పైసా తీసుకోలేదు. యవలు దొరకలేదు, గోధుమ దలియా దొరికింది. గడ్డలు తోక కోయకుండా ఉడకబెట్టి, తోలు వొలిచే పని మేనకోడలికే ఇచ్చాం. ఒక్క తోపుకు తోలు ఊడొస్తుంటే దానికి భలే మజా వచ్చింది, నాలుగూ తనే వొలిచింది. అమ్మీ దలియాలో ఆకు సన్నగా తరిగి వేసి, వెల్లుల్లి, పచ్చిమిర్చి తాలింపు పెట్టి, గడ్డ ముక్కలు కలిపి, చివర్లో నిమ్మకాయ పిండింది. కుండ నిండా ఎర్రటి రంగు. మదీనా కుండ ఎర్రగా ఉండి ఉండదని చెప్పబోయి ఊరుకున్నాను.

మాత్ర ఎప్పుడేసుకోవాలని అమ్మాయి అడిగింది. అన్నం తిన్నాక, చాయ్‌కు ముందే అని అమ్మీ చెప్పింది.